అమ్మకి కీళ్ళవాతం అన్నారు, మొదటి చీటీలోనే ఇన్ని మందులు రాశారు. ఆరంభంలోనే ఇంత గట్టిగా వేయాలా?

మందస కుర్రోడు:

అందరికీ నమస్కారం. పొడుగ్గా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి. మాది మందస దగ్గర పల్లె. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నాను కాబట్టి అమ్మని ఆస్పత్రులకి తిప్పే డ్యూటీ నాదే. అమ్మకి 47 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా పలాసలో జీడిపిక్కల కార్ఖానాకి వెళ్తోంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి పొద్దున్న లేవగానే పిడికిలి బిగుసుకోవట్లేదని అంటోంది. రోజంతా పిక్కలు కొట్టే చేతులు నొప్పి పుట్టక ఏమవుతాయి అని మేమెవరం పట్టించుకోలేదు. ఆవిడా అంతే, అడిగితే "ఏటీ నేదురా, పని వొత్తిడి" అనేది. తర్వాత ముగ్గుపిండి వేళ్ళ సందులో నిలవట్లేదని ముగ్గు వేయడం చెల్లికి అప్పజెప్పింది, అప్పుడూ మాకు బుర్ర వెలగలేదు. మణికట్లు రెండూ, వేళ్ళ మొదట్లో కణుపులూ ఉబ్బిపోయి, గాజులు రాక సబ్బునురగ పెట్టి లాగాల్సి వచ్చిన రోజు మాత్రం భయం పట్టుకుంది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉండేది, మూడో రోజుకి మళ్ళీ మొదటికే. అలా ఆరేడు సూదులయ్యాక మా బావ శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. అక్కడ కీళ్ళవాతాన్ని పట్టే రక్తపరీక్షలు చేశారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ బాగా ఎక్కువ, ఒంట్లో వాపుని చెప్పే ఈఎస్‌ఆర్ 68. అక్కణ్ణుంచి వైజాగ్‌లో రుమటాలజిస్ట్ (కీళ్ళవాతం స్పెషలిస్టు) దగ్గరికి పంపారు. ఆ మేడం ఒక్కో కీలూ నొక్కి చూసి, ఎన్ని వాచాయో ఎన్ని నొప్పిగా ఉన్నాయో లెక్క రాసుకుని, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి 15 మిల్లీగ్రాములు, హెచ్‌సీక్యూ అనే ఇంకో మాత్ర రోజూ, స్టెరాయిడ్ మాత్ర కొన్ని వారాలు తగ్గించుకుంటూ, వీటికి తోడు ఫోలిక్ యాసిడ్ రాశారు. నెలకి మళ్ళీ రమ్మన్నారు.

గొడవంతా మందుల షాపులో మొదలైంది. అక్కడి కుర్రాడు చీటీ చూసి "ఇది క్యాన్సర్ మందు కదా, ఎవరికి?" అన్నాడు, పక్కనే మా పెద్దమ్మ. మేం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా మా అమ్మకి క్యాన్సర్ అని తేల్చేసింది. ఇప్పుడా మందుల కవరు నాలుగు రోజులుగా దేవుడి గూట్లో ఉంది, అమ్మ ముట్టుకోవట్లేదు.

మొదట చిన్న మందు ఒకటి వేసి, తగ్గకపోతే పెద్దది వేయొచ్చు కదా, మొదటి రోజే అన్నీ ఎందుకు? దీని మీద విదేశాల్లో చాలా ట్రయల్స్ జరిగాయని చదివాను, కోబ్రా అనీ బెస్ట్ అనీ పేర్లు కనపడ్డాయి, సగం అర్థం కాలేదు, తెలిసినవాళ్ళు మన మాటల్లో చెప్పండి. ఇంకోటి, ఖరీదైన ఇంజక్షన్లు వచ్చాయట, అవి ముందే వేయించేస్తే జబ్బు పూర్తిగా పోతుందని బావ అంటున్నాడు. మాకున్నది ఎకరం జీడితోట, అమ్మమంటే అమ్మేస్తా. ఇక ఆఖరిది మీకు చెప్పక్కర్లేదు, మాది ఉద్దానం. మా తాతా, చిన్నాన్నా కిడ్నీలతోనే పోయారు. ఈ మందులు కిడ్నీల్ని ఏం చేస్తాయో అని అమ్మకంటే నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

టైలరక్క, విజీనారం:

బాబూ, ట్రయల్స్ సంగతి చదువుకున్నవాళ్ళు చెప్తారు, నేను నా చేతుల సంగతి చెప్తాను. నాకు 2011లో మొదలైంది, అప్పటికి 34 ఏళ్ళు, ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. సరిగ్గా కత్తెర పట్టే వేళ్ళకే వచ్చింది. అప్పట్లో చూసిన డాక్టరు గారు కూడా ఈ మెథోట్రెక్సేటే రాశారు. అచ్చం మీ అమ్మలాగే నాకూ ఎవరో క్యాన్సర్ మందని చెప్పారు, నేను ఆ చీటీ మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసి రెండేళ్ళు నొప్పి మాత్రలు మింగాను. కట్లు కట్టించుకున్నాను, పథ్యాలు చేశాను, వంకాయ మానేశాను, మొక్కులు కూడా తీర్చాను. రెండేళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే మణికట్టు ఎముకలు ఎలుక కొరికినట్టున్నాయి. డాక్టరు గారు ఆ ఫిల్ము లైటుకి పెట్టి చూపించారు, ఇప్పటికీ కళ్ళలో ఉంది.

అప్పుడు అదే మందు వేసుకున్నాను. నాలుగు నెలలకి వాపూ తగ్గింది, పొద్దుటి పూట బిగుతూ తగ్గింది. కానీ అప్పటికే వంగిన వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి. ఇప్పుడు కటింగ్ అంతా మా కోడలు చేస్తుంది, నేను మెషీన్ మీద కుట్లు మాత్రం వేస్తాను. పదేళ్ళు దాటింది మొదలెట్టి. జుట్టు కొంచెం పల్చబడింది, మందు వేసుకున్న మర్నాడు కాస్త వికారంగా ఉంటుంది, అంతకుమించి నన్నేమీ చేయలేదు. ఆ కవరు దేవుడి గూట్లోంచి తీసి అమ్మ చేతికివ్వు.

వావిలాకు:

ఇంగ్లీషు మందు ఒకసారి మొదలెడితే జీవితాంతం బానిసత్వమే. మా తోడల్లుడికి చికున్‌గున్యా జ్వరం తర్వాత ఇలాగే చేతులన్నీ వాచిపోయాయి. వావిలాకు మరగబెట్టిన నీళ్ళతో కాపడం పెడితే రెండు నెలల్లో శుభ్రంగా తగ్గింది. తొందరపడకండి, ఇంకో రెండు మూడు నెలలు చూడండి.

రాత్రి డ్యూటీ:

పరిచయం ముందే చెప్పేస్తాను. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, రుమటాలజిస్టుని కాను, పని చేసేది ఈ జిల్లాలోనే. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి మోతాదుల జోలికి వెళ్ళను, అవి ఆ మేడం చూసుకుంటారు. చదివిందీ, వార్డులో చూసిందీ చెప్తాను.

ముందు వావిలాకు గారి మాట. వేడి నీళ్ళ కాపడం పెట్టుకోండి, హాయిగా ఉంటుంది, ఎవరూ కాదనరు. కానీ చికున్‌గున్యా తర్వాత వచ్చే కీళ్ళ నొప్పులు చాలామందిలో వాటంతట అవే సర్దుకుంటాయి, కొందరికి నెలల తరబడి సాగినా సరే. మీ తోడల్లుడి గారికి తగ్గింది అందుకే అయ్యుంటుంది. ఇక్కడ యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా ఉంది, రెండు చేతుల కణుపులూ మూడు నెలలుగా వాచి ఉన్నాయి, ఇది ఆ రకం కాదు. "ఇంకో రెండు మూడు నెలలు చూడండి" అన్న సలహాయే టైలరక్క గారి మణికట్టుని తినేసింది.

క్యాన్సర్ మందు అనే మాట సగం నిజం. మెథోట్రెక్సేట్ పుట్టింది క్యాన్సర్ కోసమే, అక్కడ ఇచ్చే మోతాదులు దీనికి ఎన్నో రెట్లు. కీళ్ళవాతానికి వారానికోసారి కొద్దిగా ఇస్తారు, అమెరికాలో 1988లోనే ఈ జబ్బుకి అనుమతి వచ్చింది. కొత్తదీ కాదు, ప్రయోగమూ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, చిన్నదానితో మొదలెట్టొచ్చు కదా అని. నిజానికి పాతకాలం డాక్టర్లందరూ మీలాగే ఆలోచించేవాళ్ళు. ముందు నొప్పి మాత్రలు, విశ్రాంతి, అప్పటికీ తగ్గకపోతే ఇంకో మెట్టు, ఎక్స్‌రేలో ఎముక అరిగినట్టు కనపడ్డాక అసలు మందు. జబ్బు కంటే మందుకే ఎక్కువ భయపడ్డ రోజులవి. ఎముక అరిగిందని తెలిశాక ఇచ్చే మందు, తిత్లీ తుఫానుకి పడిపోయిన జీడిచెట్టుకి ఎరువు వేసినట్టే, మీ వైపు వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ పద్ధతిని గట్టిగా కుదిపింది కోబ్రా, 1997లో వచ్చింది. నెదర్లాండ్స్, బెల్జియంలలో 155 మంది కొత్త రోగులు. సగం మందికి సల్ఫాసలజీన్ అనే పాత కీళ్ళవాతం మాత్ర ఒక్కటే, మిగతా సగానికి దాంతో పాటు మెథోట్రెక్సేట్, పైన స్టెరాయిడ్. స్టెరాయిడ్ రోజుకి 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఆరు వారాల్లో ఏడున్నరకి దించేశారు, 28 వారాల తర్వాత పూర్తిగా ఆపే పని మొదలుపెట్టారు. అన్నీ కలిపి వేసుకున్నవాళ్ళకి మొదట్లో బాగా తగ్గింది, అందులో వింతేమీ లేదు. వింత తర్వాత ఉంది. స్టెరాయిడ్ ఆపాక నొప్పి విషయంలో రెండు గుంపులూ దాదాపు ఒకటైపోయాయి, కానీ ఎక్స్‌రేలో తేడా మాత్రం పోలేదు. నాలుగైదేళ్ళ తర్వాత చూసినా, మొదటి ఆరు నెలలు గట్టిగా మందు పడ్డవాళ్ళ ఎముకలు తక్కువ అరిగాయి. అంటే ఆ మొదటి నెలల్లో ఏం చేశామన్నది ఏళ్ళ తర్వాత ఎముక మీద కనపడుతోంది. నేను పీజీలో ఉండగా ఇది చదివి, అంతకు ముందు వారమే నొప్పి మాత్రలు రాసి పంపిన ఒకావిడ గుర్తొచ్చి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

60 మిల్లీగ్రాములు అనగానే కంగారు పడకండి, ఇప్పుడు అంత అవసరం లేదని కూడా ట్రయల్సే చెప్పాయి. బెల్జియంలో కేర్ ఆర్‌ఏ అని చేశారు, అందులో ఒక గుంపుకి మెథోట్రెక్సేట్ ఒక్కటీ, దానికి తోడు 30తో మొదలుపెట్టి దించే స్టెరాయిడ్ ఇచ్చారు. మందులు ఎక్కువ కలిపి ఇచ్చిన గుంపులతో సమానంగానే ఫలితం వచ్చింది, ఇబ్బందులు తక్కువ. మీ అమ్మగారి చీటీ దాదాపు ఈ దారిలోనే ఉంది. మెథోట్రెక్సేట్ పట్టు దొరకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అందాకా వాపుని ఆపడానికి స్టెరాయిడ్. దాన్ని కొన్ని వారాల్లో దించుతారు, మీరంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

బెస్ట్ అన్న ట్రయల్ మీ ప్రశ్నకి నేరుగా జవాబు. నెదర్లాండ్స్‌లో 508 మందిని నాలుగు దారుల్లో పెట్టారు. ఒక గుంపుకి ఒక్కో మందూ మార్చుకుంటూ పోవడం, రెండో గుంపుకి ఒకదానికొకటి కలుపుకుంటూ పోవడం, మూడో గుంపుకి కోబ్రాలాగా మొదటే అన్నీ, నాలుగో గుంపుకి మొదటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఖరీదైన మందు. మొదటి రెండూ మీరు అడిగిన దారులే. 2005లో ఏడాది ఫలితాలు వచ్చాయి. మూడు, నాలుగు గుంపులు త్వరగా కోలుకున్నాయి, ఎముకల అరుగుదలా వాళ్ళకే తక్కువ. అయితే ఏళ్ళు గడిచేకొద్దీ నాలుగు గుంపులూ పనీపాటా చేసుకునే విషయంలో దగ్గరికొచ్చేశాయి. ఎందుకంటే నాలుగింటిలోనూ మూడు నెలలకోసారి కీళ్ళు లెక్కపెట్టి, అనుకున్న అంకెకి దిగకపోతే మందు మార్చి తీరాల్సిందే. ఎవర్నీ "పర్వాలేదులే, కాస్త తగ్గింది కదా" అని వదల్లేదు. కాబట్టి ఒక్క మందుతో మొదలెడితే మునిగిపోతారని అనను, ఆ ఒక్క మందు దగ్గరే ఏడాది కూర్చుంటే మునుగుతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది టికోరా అన్న ట్రయల్. గ్లాస్గోలో చేశారు, 2004లో వచ్చింది, రెండు గుంపులూ కలిపి 110 మంది. కొత్త మందేమీ లేదు, రెండు వైపులా అవే పాత చౌక మందులు. ఒక వైపు మామూలుగా మూడు నెలలకోసారి చూశారు. రెండో వైపు నెలనెలా పిలిచి, వాపు లెక్క కట్టి, లెక్క దిగకపోతే మందు పెంచి, వాచిన కీలుకి అక్కడే సూది వేశారు. ఏడాదిన్నర తర్వాత జబ్బు పూర్తిగా అణిగినవాళ్ళు నెలనెలా చూసిన వైపు 65 శాతం, మామూలు వైపు 16 శాతం. అందుకే మీ మేడం కీళ్ళు లెక్కపెట్టి రాసుకున్నారని చదవగానే నాకు సంతోషం వేసింది. నెలకి రమ్మన్నారు చూశారా, ఆ చీటీలో అన్నిటికంటే గట్టి మందు అదే. ఆ రోజు తప్పించుకోకండి.

కిడ్నీల గురించి, ఇంజక్షన్ల గురించి డ్యూటీ అయ్యాక రాస్తా. ఈలోగా అమ్మగారి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఎంతో చెప్పండి.

లెక్కల మాస్టారు, నరసన్నపేట:

డాక్టర్ గారూ, బాగా చెప్పారు, కానీ నాకు రెండు సందేహాలు. గ్లాస్గోలో నెలనెలా ఒకే డాక్టరు చూశాడు, రోగి ఊరికి ఆస్పత్రి అరగంట దూరం. మందస నుంచి వైజాగ్ వెళ్ళి రావాలంటే చీకట్లో రైలెక్కి చీకటి పడ్డాక దిగాలి, ఇద్దరికి ఒక రోజు కూలి పోతుంది, ఓపీ ఫీజు, టెస్టులు వేరే. ఆ 65 శాతం మన దగ్గర ఎంత మిగులుతుంది? రెండోది, వందలో 65 అంటే మిగతా 35 మంది సంగతేమిటి, వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ఇంకోమాట, నెలనెలా పలకరించే డాక్టరుంటే సగం నొప్పి మాటకే తగ్గుతుంది, ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగులకి తెలుసు కదా.

మందుల కొట్టు, టెక్కలి:

ముందుగా మా షాపులవాళ్ళ తరఫున సారీ అన్నా. కౌంటర్ దగ్గర జబ్బు పేరు గట్టిగా అనడం చాలా తప్పు. కానీ ఒక్కటి మాత్రం గట్టిగానే చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ కాదు. మిగతా మాత్రలన్నీ రోజూ మింగేవి కావడంతో ఇదీ అలాగే మింగేస్తారు, పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. నోరంతా పుళ్ళు, రక్తకణాలు పడిపోవడం, ప్రాణం మీదకి వస్తుంది. నేనైతే షీటు మీద మార్కర్‌తో వారం పేరు రాసి, వేరే కవర్లో వేసి ఇస్తాను. చదువు రానివాళ్ళైతే ఇంట్లో ఒకరికి ఆ షీటు అప్పజెప్పమంటాను. అలాగే మూత్రంలో మంట అనో, విరేచనాలనో ఊళ్ళో ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే వద్దనండి, రెండూ కలిస్తే రక్తకణాలు దెబ్బతింటాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు "నేను మెథోట్రెక్సేట్ మీద ఉన్నాను" అని చెప్పాలి.

మందస కుర్రోడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. టైలరక్కా, నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వంటింట్లోకి వెళ్ళి చేతులు చూసుకుంటూ కూర్చుంది. క్రియాటినిన్ 0.8 అని ఉంది డాక్టర్ గారూ. మాస్టారు అడిగినదే నేనూ అడుగుదామనుకున్నా, ప్రతినెలా వైజాగ్ కుదురుతుందా అన్నది నిజంగానే సమస్య.

రాత్రి డ్యూటీ:

0.8 అంటే బాగుంది. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది మూత్రపిండాల గుండానే. కిడ్నీ సరిగా లేకపోతే మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది, అందుకే ఉద్దానం మనిషికి ఈ పరీక్ష రెట్టింపు ముఖ్యం. మందు మొదలెట్టిన కొత్తలో నాలుగైదు వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి, రక్తకణాలు, లివరు, క్రియాటినిన్ చూడాలి. కానీ ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. కిడ్నీలకని మెథోట్రెక్సేట్‌కి భయపడతారు, అదే చేత్తో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగుతారు. మీ ప్రాంతంలో నేను ఎక్కువ భయపడేది వాటికే. జబ్బు అసలు మందుతో అణిగితే నొప్పి మాత్ర అవసరమే పడదు. అమ్మగారికి పడ్డ ఆ ఆరేడు సూదుల్లో స్టెరాయిడ్ ఉండే ఉంటుంది, రెండు రోజులు హాయిగా ఉండి మూడో రోజు మొదటికి రావడం దాని లక్షణమే. ఆ సంగతి మేడంకి చెప్పారా?

మాస్టారూ, మీ రెండు సందేహాలూ న్యాయమైనవే. రోగులకి తాము ఏ గుంపో తెలుసన్నది నిజం, కానీ లెక్క కట్టిన మనిషికి తెలియకుండా జాగ్రత్తపడ్డారు, పైగా మాటకి వాపు దిగదు, ఈఎస్‌ఆర్ దిగదు. నెలనెలా చూసిన వైపు మొత్తం ఖర్చు ఎక్కువ కాలేదని కూడా వాళ్ళు లెక్క తేల్చారు. ఆ లెక్క గ్లాస్గోది, మనకి అతకదు, ఒప్పుకుంటాను. ఇక్కడ నేను చూసిన దారి ఏంటంటే, రక్తపరీక్షలు కాశీబుగ్గలోనో టెక్కలిలోనో చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపడం, మొదటి ఆరు నెలలు మాత్రం ఎలాగోలా మనిషి వెళ్ళడం. యూరప్ రుమటాలజీ సంఘం సలహా కూడా ఇలాగే ఉంటుంది, జబ్బు చురుగ్గా ఉన్నన్నాళ్ళూ ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలి, మూడు నెలలకి మెరుగు కనపడకపోయినా ఆరు నెలలకి అనుకున్న చోటికి చేరకపోయినా మందు మార్చాలి. ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో గీసి పెట్టుకోండి. మిగతా 35 మంది సంగతంటారా, వాళ్ళ కోసమే ఆ తేదీలు.

ఇప్పుడు బావగారి ఇంజక్షన్లు. జీడితోట అమ్మకండి. కోపంగా అంటున్నానని అనుకోవద్దు, తోటలమ్మి వచ్చినవాళ్ళని చూశాను కాబట్టి అంటున్నాను. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందితో అమెరికా, కెనడాల్లో ఒక ట్రయల్ చేశారు, రాకాట్ అంటారు, 2013లో వచ్చింది. సగం మందికి మెథోట్రెక్సేట్‌కి ఎటనర్సెప్ట్ అనే ఇంజక్షన్ కలిపారు, సగం మందికి సల్ఫాసలజీన్, హెచ్‌సీక్యూ కలిపి మూడు మాత్రలు. ఆరు నెలలకి ఫలితం లేనివాళ్ళని అటువాళ్ళని ఇటూ ఇటువాళ్ళని అటూ మార్చారు, రెండు వైపులా మారాల్సి వచ్చినవాళ్ళు 27 శాతమే, అంటే సమానం. ఏడాది దగ్గర పడేసరికి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2020లో ఐరోపా ఉత్తర దేశాల్లో నార్డ్ స్టార్ అని ఇంకా పెద్దది వచ్చింది, 812 మంది, అందరూ కొత్త రోగులే. మెథోట్రెక్సేట్ అందరికీ ఉంది, ఒక గుంపుకి దానికి తోడు చౌక మందులూ స్టెరాయిడ్, మిగతా మూడింటికి మూడు రకాల ఖరీదైన ఇంజక్షన్లు. ఆరు నెలలకి చౌక గుంపులో దాదాపు 43 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగింది, ఖరీదైన వాటిలో ఒకటి 42, ఒకటి 46, అన్నిటికంటే బాగా పని చేసిన అబాటసెప్ట్ 52. తేడా లేదనను, ఉంది. ఆ తేడా కోసం మొదటి నెలలోనే ఎకరం తోట అమ్మాలా అంటే వద్దంటాను. మాత్రలు సరైన మోతాదుకి వెళ్ళాక కూడా లొంగకపోతే అప్పుడు ఆ మాట మాట్లాడుకోవచ్చు. అప్పుడైనా ముందు టీబీ పరీక్ష చేయించాలి, మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ నిద్రపోతూ ఉంటుంది, ఆ ఇంజక్షన్లు దాన్ని లేపుతాయి.

పూర్తిగా పోతుందా అన్నదానికి బెస్ట్ ట్రయల్ వాళ్ళే పదేళ్ళు వెంబడించి చూశారు. ఏ మందూ లేకుండా జబ్బు అణిగి ఉన్నవాళ్ళు సుమారు 14 శాతం. మందులతో అణిగి ఉన్నవాళ్ళు చాలా ఎక్కువ. బీపీ, షుగర్ మాత్రల్లాగే అనుకోండి, బానిసత్వం అనే పెద్ద మాట ఎందుకు.

లెక్కల మాస్టారు, నరసన్నపేట:

ఒప్పుకున్నాను. ఇవన్నీ బయటి దేశాలవే కదా, మనవాళ్ళు ఏమీ చేయలేదా?

రాత్రి డ్యూటీ:

చేశారు మాస్టారూ. చండీగఢ్ పీజీఐ ఆస్పత్రి వాళ్ళు చిన్నదే కానీ చాలా పనికొచ్చేది ఒకటి చేశారు, 2015లో వచ్చింది. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్ళకి, దాని ఇబ్బందులు తగ్గించే ఫోలిక్ యాసిడ్ వారానికి 10 మిల్లీగ్రాములు చాలా, 30 కావాలా అని 100 మందిలో చూశారు. ఇబ్బందుల్లో తేడా రాలేదు, 10 సరిపోతుంది. అందుకే ఒక డాక్టరు వారానికి రెండు రోజులు వేసుకోమని, ఇంకొకరు ఐదారు రోజులు వేసుకోమని రాస్తే గాబరా పడొద్దు. అసలు మానేయకుండా ఉంటే చాలు.

టైలరక్క, విజీనారం:

వికారం గురించి ఒక చిట్కా. నేను రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకుంటాను, సగం వికారం నిద్రలోనే పోతుంది. అప్పటికీ కాకపోతే అదే మందు చిన్న సూదిగా పొట్ట చర్మం కింద వేసుకునేది కూడా ఉంది, ఇది ఆ ఖరీదైన ఇంజక్షను కాదు, చౌకే. డాక్టరు గారిని అడగాలి. కుర్రోడా, ఒకటి అడుగుతాను ఏమీ అనుకోకు, మీ అమ్మ చుట్ట కాలుస్తుందా? మీ సముద్రం వైపు ఆడవాళ్ళకి ఆ అలవాటు ఉంటుంది కదా, మా అత్తగారికీ ఉండేది.

మందస కుర్రోడు:

అక్కా, పట్టేశావు. కాలుస్తుంది. అదీ అడ్డపొగ, నిప్పు లోపలికి పెట్టుకుని. రోజుకి రెండో మూడో. అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. డాక్టరమ్మ అడిగితే "నేదమ్మా" అని అబద్ధం చెప్పింది, నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు.

రాత్రి డ్యూటీ:

వచ్చే నెల తప్పకుండా నిజం చెప్పించండి. యాంటీ సీసీపీ పాజిటివ్‌గా వచ్చే కీళ్ళవాతానికి పొగతో దగ్గరి సంబంధం ఉంది, పైగా పొగ తాగేవాళ్ళలో మెథోట్రెక్సేట్ సరిగ్గా పని చేయదని స్వీడన్ వాళ్ళు చూపించారు. అడ్డపొగతో అంగిలికి వచ్చే ప్రమాదం వేరే, అది మన జిల్లాల్లో పుస్తకాలకెక్కిన జబ్బు. మందు కొనడం కంటే చుట్ట మానడం చౌక, అని మీరు చెప్తే వినరు, మీ చెల్లిని చెప్పమనండి.

వావిలాకు:

నేను తప్పు సలహా ఇచ్చినట్టున్నాను, ఏమీ అనుకోకండి. కాపడం మాత్రం మానకండి.

మందస కుర్రోడు:

పర్వాలేదన్నా, నిన్న రాత్రే పెట్టాం.

అప్‌డేట్ ఇస్తున్నా. నిన్న మొదటి మోతాదు వేసుకుంది. వారం గుర్తుండాలి కదా, ఏ రోజు పెట్టుకుందామంటే శనివారం వద్దంది, వెంకటేశ్వర స్వామి ఉపవాసం. చివరికి మా ఊరి సంత రోజు ఖాయం చేసింది, "సంతకెళ్ళడం ఎప్పుడైనా మర్చిపోయానా" అని. షీటు చెల్లి దగ్గర ఉంది, సంత నుంచి వచ్చిన రాత్రి అన్నం తిన్నాక చెల్లి చేతి మీదుగానే ఇవ్వాలి. పెద్దమ్మకి కూడా ఇది క్యాన్సర్ కాదని చెప్పాం, ఆవిడ నమ్మలేదు. ఒక్క డౌట్ డాక్టర్ గారూ, ఎప్పుడైనా సంత రోజే ఏకాదశి పడితే?

రాత్రి డ్యూటీ:

మర్నాడు వేసుకోవచ్చు, కంగారేమీ లేదు. పై వారం మళ్ళీ సంత రోజుకే వచ్చేయాలి. తప్పిపోయిందని రెండు మోతాదులు కలిపి మాత్రం వేసుకోకూడదు. నోట్లో పుళ్ళు, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే ఫోన్ చేయాలి.

టైలరక్క, విజీనారం:

గాజులు ఇప్పుడే వేయొద్దు, కొన్నాళ్ళు ఆగమను. ముగ్గు వేసిన రోజు ఫోటో పెట్టు.